ఇడుసుడు

యాకుబ్ పాషా షెడ్డుల పదకొండేండ్లు
గోనెపట్టా కింద పండుకున్న బండి.
రెండే సీట్లు, టాపు లేదు,
ఎండిన మిరపకాయ ఎరుపు.
పోయిన డాక్టరుసాబుది. ఆయన కోడలు
కరీంనగర్ల ఒకాయనకు బేరం కుదిర్చి
"నడిపిచ్చి తెచ్చిస్తెనే పైసలట" అన్నది.

ఇంజన్ను లేపిండు యాకుబ్ చాచా.
ఆయన ఎడమ మోకాలే లేవది.
"నువ్వు నడపాలె" అన్నడు.

ట్రాక్టరు నడిపిన, లారీ తిప్పిన,
మీసం రాకముందే పానా పట్టిన.
బండ్లు నాకెరుకే.
నేనే దీనికి ఎరుక లేను.
పోచమ్మమైదాన్ల మొదటి పొద్దు
మేకపిల్ల లెక్క ఎగిరి ఆగింది,
ఎగిరి ఆగింది,
ఇడ్లీ బండికాడోళ్ళు ప్లేట్లు కిందవెట్టి నవ్విన్రు.

మొదటి గేరు పండ్లు కొరుకుతది.
మూడుల నుంచి రెండుకు దిగాల్నంటె
ఒకసారి తొక్కు, నడుమ ఇడువు,
ఇంజను గొంతు ఇంత లేపు,
మల్ల తొక్కు, అప్పుడు దించు.
చాచా పక్కసీట్ల కూసోని
చాయ్ సాసరుల బేరింగు గోలీ ఏసి
ఒళ్ళె పెట్టుకున్నడు.
"ఇది మోగిందా,
మల్ల సుబేదారి నుంచి షురూ."

ఆరు రోజులు మోగింది.
ఏడోనాడు ఫాతిమానగర్ బ్రిడ్జి ఎత్తుమీద
ముంగట సిమెంటు లారీ, ఎనుక ఆర్టీసీ బస్సు,
నడుమ నేను, ఎనుకకు జానెడు జారిన.
జానెడే.
కండక్టరు తిట్లు మాత్రం
కాజీపేట టేషన్ దాక ఎంబడొచ్చినయి.

రాత్రి అన్నం తినబుద్ధి కాలే.
కొత్తవాడల ముప్పై ఏండ్లు
జంపఖానలు నేసింది అమ్మ.
మగ్గం అమ్మినం, గుంట పూడ్సినం,
కుర్చీల కూసున్నా ఆమె కాళ్ళు
ఒకటి లేస్తె ఒకటి దిగుతది.
"ఎన్ని చెక్కలే దానికి?"
"మూడు."
"రెండు కాళ్ళకు మూడా!" అని నవ్వి
నా పాదం ఒళ్ళెకు తీసుకోని
అరికాలు కింద అరచెయ్యి పెట్టింది.
"తొక్కు."
తొక్కిన.
"ఇడువు."
ఇడిసిన.
"గట్ల గాదు బిడ్డా.
తొక్కుడు అందరికొస్తది.
పోగు తెగేది ఇడిసేకాన్నే."
ఆమె చెయ్యి మెల్లగ పైకొచ్చింది.
ఒక జాగల ఆగింది.
పోగును పోగు ఒరుసుకునే జాగ.
ఊపిరంత సేపు ఆడ్నే ఉండి
అప్పుడు పోనిచ్చింది.

తెల్లారి, చినిగిన సీటు మీద
ఆమె ఆఖరుకు నేసిన జంపఖానా పరిచిన.
చెప్పులు ఇడిసి
ఉత్తకాళ్ళతోని కూసున్న.

ఆ జాగ ఉన్నది.
క్లచ్చు పైకొస్తుంటే
బండి ముక్కు గోరంత వంగుతది,
ఏదో ఇనబోతున్నట్టు.
అక్కడ ఆగిన.
కుడికాలుతోని ఇంత పానం పోసిన.
పోయింది.
పోయిందని నాకే తెల్వలే,
గోడమీద మా నీడ కదిలితే తెలిసింది.

హసన్‌పర్తి దాటినం. ఎల్కతుర్తి కాడ
గ్రానైటు లారీలు, రోడ్డంత దుమ్ము.
తొక్కి, ఇడిసి, గొంతు లేపి, తొక్కితే
గడ్డపెరుగుల చెంచా దిగినట్టు
దిగింది రెండో గేరు.
"చూసినవా చాచా!"

చాచా నిద్రవోతున్నడు.
నోరు తెరిసి, ఎండ మొఖాన కొడుతున్నా.
ఒళ్ళె సాసరు, సాసరు నడుమ గోలీ
అది గూడ పండుకున్నది.
లేపలే. హుజూరాబాద్ దాక
నేను గూడ సప్పుడు చెయ్యలే.

కరీంనగర్ల ఆయన నోట్లు రెండుసార్లు లెక్కవెట్టి,
బండెక్కి, గేటు దాటకముందే
రెండుసార్లు ఎగిరేసి ఆపిండు.
చాచా తల తిప్పుకున్నడు.

తిరుగు బస్సుల మానకొండూరు దాటినంక
జంపఖానా యాదికొచ్చింది.
సీటు మీదనే ఉండిపాయె.
అమ్మకేం చెప్పాలె?
చాచా సాసరు సంచిల ఏసుకోని
కిటికీ దిక్కు చూస్తున్నడు.
డ్రైవరు గేరు మార్చినప్పుడల్ల
బస్సు ఉత్తనేల మీద
నా ఎడమకాలు ఇంత లేసి,
ఆగి,
దిగుతున్నది.