ఖాళీ బండి తూకం

గరివిడిలో వేబ్రిడ్జి కాటా, రాత్రి డ్యూటీ నాది.
మాంగనీసు లారీ ఎక్కుతుంది, ఇనప పలక మూలుగుతుంది,
ఎర్రంకెలు కాసేపు తడుముకుని ఒకచోట ఆగుతాయి.
ఇరవయ్యేడు వేల మూడొందల నలభై.
చీటీ చింపి ఇచ్చీసి
ఫోను మళ్లీ టీ గ్లాసుకి ఆనించుకుంటాను.

రియాద్‌లో అర్ధరాత్రి దాటింది, మనకి తెల్లారగట్ల.
కొండలాంటి ఫ్యూరీ ఒక మూల,
అతని కంటే పద్దెనిమిది కిలోలు తక్కువ ఉసిక్ ఒక మూల.

ఢిల్లేశ్వరరావు టెక్కలి రాయి దించీసి వచ్చాడు.
ఆడికి బరువంటే బరువే, ఇంకో లెక్క లేదు.
"ఆరడుగుల తొమ్మిదంగుళాలు బావూ!
చెయ్యి చాపితే నీ ఉసిక్కు టోలుగేటు దగ్గరే ఆగిపోవాల."
"చాపిన చెయ్యి ఎనక్కి తెచ్చుకోవాల కదేటి," అన్నాను.
"ఆ సందులోంచి దూరతాడు చిన్నోడు, సూడు."

తొమ్మిదో రౌండులో దూరాడు.
తాళ్లే లేకపోతే ఆ పెద్దాయన
నా కాటా గదిలో పడిపోయీవోడు.
ఢిల్లేశ్వరరావు టీ డబ్బులిచ్చీసి వెళ్లిపోయాడు.
వారం రోజులు చీటీ కోసం క్లీనర్ని పంపించాడు,
తను స్టీరింగు దగ్గరే కూచుని అటు తిరిగి.

నా ఫిర్యాదు ఒకటుంది, ఎవరికి చెప్పుకోను?
హెవీవెయిట్లని పోటీకి ముందురోజు తూస్తారు.
ఫోటోలు, అరుపులు, నుదురూ నుదురూ ఆనించుకోడాలు.
అయిపోయాక ఎవడూ తూయడు.
లారీకైనా రెండు తూకాలుంటాయి,
నిండుగా ఒకసారి, దించీసాక ఒకసారి.
తేడాయే సరుకు.
రింగులో ఎంత వదిలి వచ్చాడో తెలియకుండా
ఛాంపియనని ఎలా చెప్పీస్తారు?

కింషాసాలో ఫోర్మన్ ఓవర్‌లోడు బండి.
ఏడు రౌండ్లు గుద్ది గుద్ది
తన సరుకు తనే దించీసుకున్నాడు.
ఎనిమిదిలో అలీ చేసిందేటి?
డ్రైవరు టైరు తట్టి చూసినట్టు తట్టాడు.
ఇరవయ్యేళ్లకి అదే ఫోర్మన్, నలభయ్యైదేళ్ల వయసు, బట్టతల, బొజ్జ,
తొమ్మిది రౌండ్లు తిన్నాడు,
ఒక్క గుద్దు మట్టుకు మొలలో దోపుకుని ఉంచుకున్నాడు.
పదోదాంట్లో తీశాడు.
ఈ సంగతి చెప్తే ఢిల్లేశ్వరరావు కూడా తలూపుతాడు,
కాకపోతే బొజ్జ వల్లే గెలిచాడంటాడు.

ఒక్క పోటీ నేను చూడను.
హోమ్స్‌తో అలీ. ఎనభయ్యో సంవత్సరం.
కొట్టేవోడే రిఫరీ కేసి చూస్తున్నాడు,
ఆపీండి బావూ అన్నట్టు.
గెలిచినోడు తర్వాత ఏడిచాడట.
ఆ రాత్రికి టిక్కెట్లు అమ్మినోళ్లని
ఎవరు తూస్తారు, ఏ కాటా మీద?

మొన్న లారీల్లేని వేళ
హమాలీ తవిటయ్య సరదాపడి పలకెక్కాడు.
ఇదే పలక మీంచి, నా చిన్నప్పుడు,
రెండు బస్తాలు వీపునేసుకుని నడిచి వెళ్లిన మనిషి.
ఇప్పుడు ఒక బస్తాకే మోకాలు రిఫరీని వెతుక్కుంటోంది.
ఆపేవోడు లేడు. ఆపితే కూలీ ఆగిపోద్ది.

మా కాటా పది కిలోల లోపు లెక్కపెట్టదు.
నలభైకీ యాభైకీ మధ్య అంకె ఊగింది,
ఊగి ఊగి
నలభై దగ్గర నిలబడిపోయింది.

"ఎంతేటి?" అన్నాడు తవిటయ్య, గుండె విరుచుకుని,
బనీను చిరుగులోంచి పక్కటెముకలు తొంగి చూస్తుంటే.
"అరవై," అన్నాను.
గేటు దగ్గర బీడీ కాలుస్తున్న ఢిల్లేశ్వరరావు
అద్దంలోంచి అంకె చూశాడు, నన్ను చూశాడు.
నేనేదంటే అది కాదనే మనిషి.
"అరవయ్యేటి? కళ్లు కనపడవా నీకు?
అరవై రెండు," అన్నాడు.

తవిటయ్య కాసేపు ఆలోచించాడు.
"సెప్పులతో కలిపేమో," అని
కిందకి వొంగి ఒక్కోటీ ఇప్పి
పలక బయట పెట్టి
తిన్నగా నిలబడ్డాడు.

"ఇప్పుడు సూడు."