పెండింగ్: ఒకటి

మారతహళ్ళి వంతెన పక్కన, ఆరో అంతస్తులో
నా ఉద్యోగం చూడడం.
రాత్రి పదినుంచి పొద్దున్న ఆరుదాకా
పదిహేను సెకన్ల చొప్పున తెలుగునేలంతా
నా కళ్ళముందు నుంచి గెంతుకుంటూ పోయేది.

ఆకుపచ్చ మీట: ఉండనీ.
ఎర్ర మీట: తీసెయ్.
రక్తం తీసెయ్. సిగరెట్ తీసెయ్. కోడిపందెం తీసెయ్.
కత్తి ఎవరి చేతిలో ఉన్నా తీసెయ్.
షిఫ్టుకి తొమ్మిది వందలు చూడాలి.
ఒక్కోదాని మీద ఆలోచన ఇరవై సెకన్లు దాటితే
టీం లీడరు కుర్చీ కిర్రుమనేది.

వాళ్ళెవరికీ నేను తెలియదు.
నాకు మాత్రం వాళ్ళంతా తెలుసు.
రోకలి గోడకానించి వచ్చి డైలాగులు చెప్పే సూరమ్మత్త
ప్రతిసారీ చివర్న అనేది:
"ఉంటా మరి, బువ్వ పొయ్యిమీదుంది."
ఆ బువ్వ మాడిందో లేదో అని
మళ్ళీ వెనక్కి తిప్పి ఎన్నిసార్లు చూశానో
ఆ లెక్క ఏ దేశపు సర్వర్లో ఉందో.

నాకు పని నేర్పింది జియాలిన్.
ఎన్నడూ మనిషిగా చూసింది లేదు, తెరమీద ముఖమే.
అనువాద యంత్రంలోంచి ఆమె మాట వచ్చేది:
"నీవు భోజనము తినితివా?"
మొదట్లో ఆ గ్రాంథికానికి పడీపడీ నవ్వాను.
తర్వాత చెప్పింది, వాళ్ళ ఊళ్ళో పలకరింపే అదట.
మా ఊళ్ళోనూ అంతే అన్నాను.
జవాబుగా ఒక గిన్నె బొమ్మ పంపింది.

మంచుకొండల్లో గీత దగ్గర ఏం జరిగిందో
అందరూ టీవీలో చూసినంతే నాకూ తెలుసు.
రేవులో పెట్టెలు ఆగాయన్నారు, సుంకాలు పెరిగాయన్నారు.
వాళ్ళొకటి ఆపితే వీళ్ళొకటి,
వేరుపడ్డ తోడికోడళ్ళు
చేదలూ చేటలూ దాచుకున్నట్టు.

సోమవారం రాత్రి పదకొండింటికి నా వరుసలో
ఎనిమిది వందల పన్నెండు.
పదకొండుంబావుకి, టీకి లేచేటప్పటికి, నాలుగు.
తిరిగొచ్చేసరికి సున్నా.

సున్నాని నేనెప్పుడూ చూళ్ళేదు.
తమిళం బల్ల దగ్గర ఇలవరసి లేచి నిలబడింది.
తర్వాత ఒడియా బల్ల, మరాఠీ బల్ల.
కన్నడం బల్ల మీద చంద్రహాస ఒక్కడే
ఖాళీ తెరమీద మీట నొక్కుతూనే ఉన్నాడు.
జియాలిన్ పేరు పక్కన చుక్క
ఆకుపచ్చ నుంచి బూడిదరంగుకి మారింది.
ఆ రాత్రి, తిన్నావా అని అడగాల్సిన వంతు నాది.

కింద సిగ్నల్ దగ్గర కుర్రాళ్ళు పాత టీవీ ఒకటి పగలగొడుతున్నారు.
పగలగొట్టడాన్ని ఫోన్లో తీస్తున్నారు,
ఎక్కడ పెట్టాలో తెలియకుండానే తీస్తున్నారు.
"ఆ ఫోన్లెక్కడివో అడక్కమ్మా"
నా కార్డు వెనక్కి తీసుకుంటూ అన్నాడు వాచ్‌మన్ బసప్ప,
"ఈ కార్డు గీకే డబ్బా వెనకా అదే పేరుంది."

తప్పని నేననను.
మా పెదనాన్న కొడుకు పటాలంలో ఉన్నాడు.
వాడు మూడ్రోజులు ఫోనెత్తకపోతే
మా ఇళ్ళల్లో ఎవరికీ ముద్ద దిగలేదు.
ఎవరి ముఖాలు ఏ గిడ్డంగికి చేరుతున్నాయో
రోజూ చూసే నాకే తెలియదు, ఇంకెవరికి తెలుస్తుంది?
ఒక్కటి మాత్రం చెప్పగలను. తీసెయ్యడం నా పని.
ప్రతి తీసివేతకీ ఒక కారణం గడి ఉంటుంది,
అది నింపకపోతే ఎర్ర మీట కదలదు.
నింపడానికి మూడు సెకన్లు చాలు.
అదే భయం.

ఆ చివరి నాలుగింటిలో ఒకటి అప్పీలు.
కళ్యాణదుర్గం వైపు పిల్లాడు,
జొన్నచేలో ఎగిరాడు, చేతిలో ఏదో తళుక్కుమంది.
ముందటి వారం నేనే:
కత్తి. ఎర్ర మీట.
అతను రాసుకున్నాడు, ఒక్క అక్షరం తప్పు పోకుండా:
"సార్, అది కొడవలి."

టీ తాగొచ్చి ఆకుపచ్చ నొక్కుదామనుకున్నాను.