పద్నాలుగో నంబరు అద్దం

"బైపాస్ అక్కర్లేదన్నారొరే,
రెండు స్టెంట్లతో సరిపెట్టీసారు," ఫోన్లో సన్యాసిరావు.
"ఉప్పు మానీమంటారు. జాలారిపేటలో ఉంటూ
ఉప్పు మానడం ఏటి, గాలి పీల్చడం మానాలి గానీ!"

పాత్రో కిరండూల్ బండిలో అరకు పోయొచ్చాడట.
సొరంగాలు లెక్కెడితే ముప్ఫై దాటాక ఎక్కడో తప్పిందట.
"ప్రతీదీ ఓ పట్టూ ఓ విడుపూరా,
మోకాళ్ళే ఇంకా విడవలేదు."

నా ఎడమకంటి శుక్లం తీసేశారు.
నీలం ఇంత నీలమని మరిచిపోయాను.

షిప్‌యార్డులో ఒక్కటే వెల్డింగు అద్దం, ముగ్గురం.
పదంకెలు లెక్కెట్టి చేతులు మార్చుకునేవాళ్ళం.
గ్రహణమని ఎవరూ ముట్టని క్యాంటీను గారెలు
ఆ పూట మావే.

ఇవాళ అద్దం నా దగ్గర. మేడ మీద నేనొక్కణ్ణే.
మెట్లెక్కొద్దని డాక్టరన్నవాడు ఒకడు,
మోకాళ్ళు రామన్నవాడు ఇంకొకడు,
చెవిలో ఉన్నారు.

"పట్టిందా?"
"పట్టింది."
"ఎంత?"
"నువ్వు కొరికి నాకిచ్చిన గారె
జ్ఞాపకముందా, అంత."

వెనకాల సన్యాసిరావు భార్య,
గ్రహణంలో మాత్ర మింగొచ్చా అని.
నవ్వు ఆగక దగ్గు, దగ్గు ఆగక భయం.
కాసేపు ముగ్గురి ఊపిరే.

"ఉన్నావురా?"
"ఉన్నాను. విడుపు దాకా
ఫోను పెట్టీకండి."