గారు పెట్టే చోటు

టెక్కలి ఆర్డీవో ఆఫీసు గోడవారన
నాదొక మడత బల్ల, రెండు కార్బన్ కాయితాలు,
ఎండకి సగం వెలిసిన గొడుగు.
పైవాళ్ళకి రాసేటప్పుడు ఎలా మొదలెట్టాలో
కూర్మారావు మేష్టారు నేర్పేరు నాకు:
ముందు దణ్ణం పెట్టు, తర్వాతే దెబ్బ చూపించు.
"మహారాజశ్రీ" అన్నాక ఊపిరి పీల్చుకో,
"దివ్యసముఖమునకు" అన్నాక కామా.
ఆయన పోయేరు. కామా మిగిలింది.

మొన్న ఆషాఢంలో ఆ కుర్చీలోకి ఆడమనిషి వచ్చింది.
మహారాజశ్రీని ఏం చెయ్యాలో
మేష్టారు చెప్పలేదు.
"మహారాణి" అంటే నాటకంలా ఉంది,
"అమ్మా" అంటే ముష్టిలా ఉంది,
"మేడమ్ గారికి" అని రాసి
రెండు రోజులు భయపడ్డాను.
ఎవరూ ఏమీ అనలేదు.
అసలు చదివేరో లేదో.

భావనపాడు ఆటో దిగి వచ్చింది తవిటమ్మ,
ఖాళీ గంపతో, ఎండుచేపల వాసనతో.
ఫించను ఆగి ఏడు నెలలట.
"పేరు?"
"సూరాడ తవిటమ్మ."
"భర్త?"
"గురువులు."
"లేటు గురువులు" అని పైకి చదువుతూ రాసేను.
"లేటేటి బావు?
ఆడేనాడూ లేటవలేదు.
నాలుగు గొట్టీసరికి తెప్ప మీదుండీవోడు."
పోయినవాళ్ళ పేరు ముందు అలా రాయాలని చెప్పేను.
కాసేపు గంప అంచు గోకింది.
"మరి రాసీ.
ఆ ఒక్కరోజే లేటయినాడు."

పాత ఉత్తరాల్లో ఇలాంటివాళ్ళకి
"గంగాభాగీరథీ సమానురాలైన" అని ఉండేది.
సముద్రంలో పోయినవాడి పెళ్ళానికి
నది పేరెందుకు?
నేను రాయలేదు. కాయితంలో చోటు కూడా లేదు.

చివరికి వచ్చేం.
"తమ విధేయురాలు."
"అంటే?"
"చెప్పినమాట వినేది."
నవ్వింది, అడ్డపొగ నల్లబరిచిన పళ్ళతో.
"మా అత్తనడగవల్సింది ఆ మాట."
కొట్టేసి "అర్జీదారు" అని పెట్టేను.
అదీ నచ్చలేదు.
"పైన ఆయమ్మకి అన్ని తోకలెట్టినావు,
నా పేరెనకాతల ఒక గారు ఎట్టవా?"
"మన పేరుకి మనం పెట్టుకోకూడదమ్మా, అది పద్ధతి."
"మరెవులెడతారు?"

మేష్టారి కామా దగ్గర ఆగినట్టు ఆగేను.
గొడుగు నీడ బల్ల దిగిపోయింది.
తన పేరు తనే రాసుకుంది,
'ట'కి కడుపు కాస్త పెద్దది చేసి,
పెన్ను నా జేబులోనే పెట్టి.

ముప్పై అడిగితే ఇరవై ఇచ్చింది.
"ఫించనొచ్చినాక ఇచ్చెత్తాను" అని
గంప నెత్తినెట్టుకుని గేటు దాటింది.
ఈలోగా మెళియాపుట్టి నుంచి ఎవరో
భూమి తగాదా పట్టుకొచ్చి నిలబడ్డారు.
ఉండమన్నాను.
నా లెక్కల పుస్తకం తీసి
మొన్నటి పేజీ తిప్పి రాసుకున్నాను:

తవిటమ్మ గారు. అర్జీ ఒకటి.
ఇరవై ముట్టినవి.
బాకీ పది.