నన్ను అడిగిపోయినోడు

జిరాక్స్ అంగడి పైన, పదమూడు మెట్లెక్కితే నా ఆఫీసు.
రేకుబోర్డు మీద డిటెక్టివ్‌కు ఒక గుడి రాలిపోయింది.
పెయింటర్ దగ్గరికి పోదాం పోదామంటూనే
నాలుగేండ్లు.

పెండ్లికొడుకు తాగుతాడా,
చీటీలెత్తి పోయిన సుంకులమ్మ ఏ ఊర్లో తేలింది,
ఒకే ప్లాటు ముగ్గురికి రాసిచ్చినోడు
ఇప్పుడు ఎవరి పేరుతో బతుకుతాండాడు.
ఇవీ నా పంటలు. వానతో పనిలేదు.

పద్ధతి చెప్తా, ఎవరికీ అనొద్దు.
ఆ ఇంటికి పోగూడదు.
ముందు ఇస్త్రీబండి దగ్గర నిలబడాల.
ఇంట్లో ఎంతమంది, ఎవరు అలిగి పుట్టింటికి పోయినారు,
ఏ చొక్కా మీద ఏ మరక,
బొగ్గులు ఊదుకుంటా ఆయనే చెప్తాడు.
తర్వాత కిరాణా ఖాతా పుస్తకం.
ఆఖర్న టీ.
"అన్నా, ఈ వీధిలో బాడుగిల్లు ఏమన్నా ఉందా?"
ఈ ఒక్క మాటతో ఇరవై రెండేండ్లు అన్నం తిన్నా.

మొన్న బుధవారపేటలో
మద్దిలేటి టీ పోస్తా, తలెత్తకుండానే అన్నాడు:
"నీ గురించి ఒకాయన అడిగిపోయినాడన్నా.
మొదట బాడుగిల్లు కావాలన్నాడు."

నోటి దాకా వచ్చిన గ్లాసు అక్కడే ఆగింది.
నా మాట. ఇంకొకరి నోట్లో.

ఎవరు పంపినారు?
బ్యాంకోళ్లా? సుంకులమ్మ అన్నదమ్ములా?
నలభై ఆరేండ్లోడికి సంబంధమా, నవ్వొచ్చింది.
నవ్వు సగంలో ఆగి, అద్దంలో మీసం చూసుకున్నా.

ఆ రాత్రి కొత్త ఫైలు తెరిచినా.
పేరు: ఉరుకుందప్ప.
చొక్కాలు రెండు, రెండూ బూడిద రంగువే,
జనంలో కలిసిపోయేటివి.
చీర ఇస్త్రీకి వచ్చింది లేదు.
ఒంటి మనిషి బియ్యం. పాల ప్యాకెట్లు మాత్రం రెండు
(ఒకటి పిల్లికి, అది కూడా మనది కాదు).
పొద్దున ఉగ్గాని, బజ్జీ వద్దంటాడు, మళ్లీ తింటాడు.
సాయంత్రం హంద్రీ వంతెన మీద స్కూటర్ ఆపి
పది నిమిషాలు నీళ్లు లేని ఇసక వైపు చూస్తాడు.
కారణం: తెలియలేదు.

ఏ పార్టీకీ ఇంతవరకు
ఆ మాట రాసిచ్చినోణ్ని కాదు.

తెల్లారి మద్దిలేటి దగ్గరికి పోయినా.
"ఏం చెప్పినావు ఆయనకు?"
గ్లాసులు కడుగుతా కడుగుతా
"బాకీ పెట్టడని చెప్పినా."
"ఇంకా?"
"వాన కొడితే నా బండి మీద పట్ట
గాలికి ఎగిరిపోకుండా
తానే పట్టుకుని నిలబడతాడని చెప్పినా.
గంటసేపు, తడిసి ముద్దైనా వదల్లేదని."

గుర్తొచ్చింది.
పోయిన శ్రావణం. ఎదురు మేడలో ఇన్సూరెన్స్ కేసు,
నడుం విరిగిందని క్లెయిము పెట్టినాయన
మిద్దె మీద బట్టలు తీయడానికి ఎప్పుడు ఉరుకుతాడా అని.
ఆ పట్ట వెనక నిలబడితే
గేటు, మెట్లు, మిద్దె, అన్నీ బాగా కనబడతాయి.
నేను కనబడను.

ఆ సంగతి మద్దిలేటికి చెప్పలేదు.
టీకి పది రూపాయలిచ్చి,
చిల్లర తీసుకోవడం మర్చిపోయి వచ్చినా.

ఈ పొద్దు మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది.
బుధవారపేటలో నాకు కేసేమీ లేదు.
స్కూటర్ తాళం చేతిలో పెట్టుకుని
పదమూడు మెట్లల్లో ఏడో మెట్టు మీద కూర్చున్నా.