ఎడమకాలి బూటు

నార్తాంప్టన్‌లో వాన నిలువుగా పడదు,
పక్కవాటుగా వచ్చి అద్దాల మీద చెయ్యి వేస్తుంది.
పొద్దున్న ఆరింటికి మాడీ పెటిఫర్
షట్టరు సగమే ఎత్తి నన్ను వంగి రమ్మంది.
"బూటు కావాలట.
నలభై ఆరేళ్లు చెక్క పాదం మీద తోలు లాగి బిగించిన
సిరిల్ టెబట్
శుక్రవారం ఫ్యాక్టరీ మెట్లు దిగిపోతున్నాడు.
మడమ, నాలుక, తాడు కన్నాలు
అన్నీ ఉండాలి.
తినడానికీ ఉండాలి."

నాకు వచ్చిన కేకు ఒక్కటే,
బెరిల్ పిన్ని చేసే స్పాంజి.
గుడ్లు గిలక్కొట్టి గిలక్కొట్టి
గిన్నె నిండా మబ్బు పెంచాను.
పొంగింది. నేనూ పొంగాను.
కత్తి ఆనీ ఆనకముందే
చీలమండ దగ్గర నిట్టూర్చి
బూటు కాస్తా చెప్పయింది.

మాడీ తిట్టలేదు.
"గాలిని చెక్కుదామనుకున్నావు," అంది,
అంతే.

పంతం పట్టి పళ్ల కేకు తీశాను,
క్రిస్మస్ నుంచి బ్రాందీ తాగుతూ పడుకున్నది.
బల్ల మూలిగింది.
నిలబడడానికి నిలబడింది గానీ
కత్తి తగిలిన చోటల్లా
ఒక ఎండుద్రాక్ష ఊడొచ్చి
మశూచి పోసిన ముఖంలా మిగిలింది.
క్యారెట్ కేకు సంగతి అడక్కండి.
ఒక్క అక్రోటు పలుకు కత్తికి అడ్డం తిరిగి
బొటనవేలు మొత్తం పట్టుకుపోయింది.

అప్పుడు మాడీ ఫ్రిజ్ తెరిచి
నిన్నటి మడీరా బయట పెట్టింది.
చూడ్డానికేం లేదు.
నెత్తిన ఒక పగులు, లోపల లేత పసుపు,
కొట్టు అద్దంలో ఎవరూ రెండోసారి చూడని రకం.
వెన్నా చక్కెరా గుడ్లూ సరిసమానం,
పిండి మాత్రం గుప్పెడు ఎక్కువ.
"వేడి మీదున్న కేకునీ
వేడి మీదున్న మనిషినీ కదపకు.
రాత్రి గడవనీ," అంది.

రంపపు పళ్ల కత్తి చేతికిచ్చింది.
పెన్సిలు గీతకి రబ్బరుంది,
దీనికి లేదు.
గోరంత తియ్యి,
వెనక్కి జరుగు, చూడు,
మళ్లీ గోరంత.
చెక్కిన పొడినంతా వెన్న క్రీములో కలిపి
ఎక్కువ తీసేసిన చోట మెత్తాం.
మిగిలింది నా పొద్దుటి తిండి.
మధ్యాహ్నం తిండి కూడా.

శుక్రవారం.
ఫ్యాక్టరీ క్యాంటీన్లో అందరూ చప్పట్లు కొట్టారు,
సిరిల్ తప్ప.
కళ్లజోడు నుదుటి మీదనుంచి దించుకుని
బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.
"ఎడమ కాలిది కదా ఇది?
లోపలి వంపు నిండుగా ఉండిపోయింది."

మాడీ పెదవి బిగించింది.
ఆయన నా చేతిలో కత్తి తీసుకున్నాడు.
ఒక్క పొర,
చాక్లెట్ తొడుగుతో సహా
వంపు దగ్గర అలా జారింది.
ఒక్క రవ్వ రాలలేదు.
వెనక్కి జరిగి, చూసి,
ఇక ముట్టుకోలేదు.

"ఏ కేకు?"
చెప్పాను.
"ఊఁ. పొట్ట తోలు చేతికి భలే ముద్దొస్తుంది,
నెల తిరిగేసరికి సాగిపోతుంది.
వీపు తోలే అడుగు, అనేవాడు మా మేస్త్రీ."
ఆ పొర నోట్లో వేసుకుని
చాలాసేపు నమిలాడు.
"కొంచెం పొడి," అన్నాడు.
"టీ ఉందా?"

అందరూ తిన్నాక మడమ మిగిలింది.
దాన్ని కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.
రుమాల్లో చుట్టి ఆయన జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి ట్రేలు కడుగుతూ
మాడీ చాలాసేపు మాట్లాడలేదు.
చివరికి కుళాయి కట్టేసి అంది:
"జామ్ ఇంకొక పొర వెయ్యాల్సింది."