ఐదు వరుసల ఆలస్యం

నవంబరు. నాలుగు కొట్టకముందే చీకటి.
హిల్యా ఇంటికి సైకిలు మీద వెళ్ళాను.
హీయుమా దీవిలో ఈ చివర
కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే,
అందుకని మంచివాడిగా చలామణీ అవుతున్నాను.

"చచ్చిందా?" అనడిగాను గుమ్మంలోనే.
"లేదు ఊర్మస్, ఆలోచిస్తోంది" అంది.

నిజమే.
తెర నడుమ చిన్న చక్రం
గానుగెద్దులా తిరుగుతోంది,
నూనె చుక్క రాలడం లేదు.
పడవ టికెట్టు కోసం పొద్దున నొక్కిందట.
పేజీ తెరుచుకునేసరికి శుక్రవారం పడవ నిండిపోయింది.
శనివారం అని నొక్కితే
అది ఇంకా శుక్రవారంలోనే ఉంది.

కుర్చీ లాక్కున్నాను.
ఆవిడ పక్కనే కూచుని ఊలు అల్లుతోంది.

బ్రౌజరు నెత్తిన నాలుగు టూల్‌బార్లు,
సన్మానంలో ఒకదాని మీదొకటి కప్పిన శాలువాల్లా.
ఒకదాంట్లో వాతావరణం చెప్పే కప్ప.
కిటికీ అవతల మంచు కురుస్తుంటే
నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఎండ అంటోంది.
"దీన్ని నువ్వు పెట్టావా?"
"అదే వచ్చింది. పొమ్మంటే బాగోదని ఊరుకున్నా."

ప్రకటనలు ఆపేవి రెండు,
ఒకే వాకిట్లో కట్టేసిన రెండు కుక్కలు.
దొంగని వదిలేసి
ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతున్నాయి.
కాష్‌లో మూడేళ్ళ చెత్త,
ఎవరిదో చేప సూపు ఫోటో
ఆవిరితో సహా.
ట్యాబులు తొంభై ఒకటి,
పేర్లు చదవడానికి చోటు లేక
దువ్వెన పళ్ళలా సన్నబడ్డాయి.

పాపం, తప్పంతా ఆవిడది కాదు.
పడవ ఎన్నింటికో చెప్పే నాలుగు ముక్కలకి
ఎక్కడెక్కడి నలభై కొట్లనుంచో సరుకు దింపుతాడు
ఆ పేజీ రాసిన పెద్దమనిషి.
వాడి గదిలో కొత్త మిషను,
మందమైన తీగ.
వాడి వేలికి ఎప్పుడూ చలి వేసి ఉండదు.

"ఒక్కో పేజీకి ఎంతసేపు పడుతోంది?"
నిమిషాలు చెబుతుందనుకున్నాను.
"బ్యాంకు రెండు వరుసలు.
పడవ ఐదు.
పన్నుల ఆఫీసుకి
బొటనవేలు మొత్తం అయిపోతుంది."

కప్పని పీకేశాను. ఒక కుక్కని విప్పేశాను.
కాష్ ఊడ్చాను.
ట్యాబులు మూస్తూ పోతే
ఫ్యాను రొద
జ్వరం దిగిన పిల్లాడి ఊపిరిలా నెమ్మదించింది.

చివరికొకటి మిగిలింది.
సగం మెమరీ అదే మింగుతోంది.
పైన్ చెట్టు కొసన ఒక గూడు,
చేపలు పట్టే గద్దది, ప్రత్యక్ష ప్రసారం.
గూట్లో ఎవరూ లేరు.
ఒక పుల్ల గాలికి కదిలింది. అంతే.
"ఇవి సెప్టెంబరులోనే వెళ్ళిపోయాయి కదా?"
"ఏప్రిల్‌లో వస్తాయి."
"అప్పుడు తెరుచుకోవచ్చు."
ఆవిడ సూదులు ఆగాయి.
నేను మౌస్ మీంచి చెయ్యి తీశాను.

దాన్ని ఉంచేసి
మిగతావన్నీ సరిచేసి
పడవ పేజీ నొక్కమన్నాను.
నొక్కి, అలవాటుగా సూదులందుకుంది.
కుట్టు పడకముందే పేజీ వచ్చి కూచుంది.
శనివారం. కిటికీ పక్క సీటు.
ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది,
మాట మధ్యలో ఎవరో అడ్డొచ్చినట్టు.

డబ్బు వద్దన్నాను.
ఒళ్ళో ఉన్న చేతితొడుగు ముడేసి, తెంపి,
నా చేతిలో పెట్టింది.
బూడిదరంగు, మణికట్టు దగ్గర ఎర్ర గీత.
చక్కగా పట్టింది.
"రెండోది?"

"అది ఎప్పటికవుతుందో,
నువ్వే చెప్పాలి" అంది.
"బాగుచేసింది నువ్వేగా."

తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి.
కుడిచేత్తో హ్యాండిలు పట్టుకుని
ఎడమచెయ్యి జేబులో దాచుకుని
నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తొక్కాను.